నాయన తిత్తి, దొరల ఆట

మా నాయన వీధినాటకాలకు తిత్తి ఊదేవాడు. తిత్తి అంటే మేకతోలు సంచి. ఒక గొట్టంతో గాలి నింపి చంకలో పెట్టుకుని నొక్కితే, రెండో గొట్టం నుంచి ఒకటే శ్రుతి ఆగకుండా వస్తుంది. పాడేవాళ్లందరికీ అదే ఆధారం. యుద్ధం రోజుల్లో మా మేళంవాళ్లు హార్మోనియం కొన్నారు. "ఇంగ నువ్వు అలిసిపోవద్దులేప్పా" అని నాయనకు మర్యాదగానే చెప్పారు. ఎంత మర్యాదగా చెప్పినా మానుకోమనే కదా అర్థం. నాయన తిత్తిని అటకెక్కించాడు. రెండేళ్లు నాటకం వైపు తొంగి చూడలేదు. ఆ మేళంవాళ్లు ఎదురైతే నేను ముఖం తిప్పుకునేదాన్ని.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మా ఊరు వర్తూరు నుంచి బండిమీద కూరగాయలు తెచ్చి దండులో, అంటే తెల్ల సిపాయిల కంటోన్మెంటులో, వంటశాలకు వేసేవాళ్లం. చిన్నప్పుడు దండులో మేనత్త ఇంట ఉండి, ఐర్లండు సిస్టర్ల బడిలో నాలుగు తరగతులు చదివాను కనుక దొరలతో బేరం నా వంతు. ఒక ఉదయం వంటశాల వెనక ఒక స్కాట్లండు సిపాయి వాళ్ల దేశపు తిత్తి ఊదుతున్నాడు. మనదానికి శ్రుతి గొట్టం ఒకటైతే వాళ్లదానికి మూడు. పాట పలికించడానికి సన్నాయిలాంటిది ఇంకొకటి. ఊదీ ఊదీ ఆ మనిషి ముఖం మిరపపండయింది గానీ శ్రుతి నిలవడం లేదు.

నాయన వంకాయల గంప దించి అక్కడే నిలబడిపోయాడు.

"తోలు చీలిండాది పాపా. గాలి పోతా ఉండాది. అడుగు."

అడిగాను. నిజమే. మన ఎండలకు సంచి పగిలిందట. కొత్తది ఓడలో రావడానికి, యుద్ధం మూలాన, ఎన్ని నెలలు పడుతుందో తెలియదట. మూడో రోజే పండుగ. దండులోని స్కాట్లండు, ఐర్లండు వాళ్లంతా కూడి ఏటా చేసుకునే ఆటపాటల పండుగ. తక్కిన వాయిద్యగాళ్లు యుద్ధానికి పోయారు. ఇతను ఊదకపోతే ఆట లేదు.

"కొత్త తోలు పదును చేసేదానికి నెల కావల్ల," అన్నాడు నాయన. "పదునైన తోలు మన దగ్గర ఉండాది గదా."

సిపాయి దగ్గరి పగిలిన సంచిని నాయన కొలతకని ఇంటికి తెచ్చాడు. అటకమీంచి తన తిత్తిని దించి, కళ్లకద్దుకుని, కత్తి పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. తాత చేతి నుంచి వచ్చిన తిత్తి అది.

"ఎవరో పరాయివానికి దాన్ని కోస్తావా? రేపు మేళంవాళ్లు పిలిస్తే ఏం ఊదుతావు నాయినా?"

"పిలవరు పాపా," అన్నాడు కత్తి ఆపకుండా.

నేను దారానికి మైనం పట్టించి ఇచ్చాను. నాయన దాంతో కుట్టి, ఆముదం రాశాడు. మర్నాడే ఇచ్చి వచ్చాం.

పండుగనాటి మధ్యాహ్నం ఆ సిపాయి మమ్మల్ని పిలిచి మైదానంలో ముందు కూర్చోబెట్టాడు. గళ్ల లంగాలు కట్టిన మగవాళ్లను చూసి నవ్వుకుందామనే పోయాను నేను. నవ్వు రాలేదు. నేలమీద రెండు కత్తులు అడ్డంగా పెట్టి, వాటి నడుమ మునివేళ్లమీద ఎగురుతుంటే ఒక్క పాదమూ కత్తికి తగల్లేదు. కర్నలు దొర, వంటవాడు, తల నెరిసిన దొరసాని ఒకే వరుసలో చేతులు పట్టుకుని ఆడారు. మా ఊళ్లో అలాంటి వరుస నేను చూసి ఎరుగను. మా బడి సిస్టర్లు కూర్చున్నచోటే పాదాలతో తాళం వేశారు.

మొదటి ఆట ముగిసింది. సిపాయి ఊదడం ఆపేశాడు. నాయన ఉలిక్కిపడి లేచాడు.

"శ్రుతి తెంపినాడే."

మన నాటకంలో తిత్తి ఒకసారి ఎత్తుకుంటే మంగళం పాడేదాకా శ్రుతి తెగకూడదు. తెగితే ఆటకు కీడు. నాయన నేరుగా మైదానం మధ్యకు నడిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనకే పరుగెత్తాను. తోలు మళ్లీ చీలిందేమోనని సిపాయి సంచి తడుముకుంటున్నాడు. సంగతి చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. తమలో ఆటాటకూ ఆపడమే వాడుక అన్నాడు. ఒక క్షణం ఆలోచించి సంచిని మళ్లీ చంకకెత్తుకున్నాడు.

ఆ తర్వాత అతను ఆపలేదు. ఆట ముగిసి జనం చెమట తుడుచుకుంటూ జతలు మారుతున్నంతసేపూ ఒకే స్వరం పట్టుకుని నిలిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఎంత ఓపిక, ఎంత మర్యాద! పక్కనే నిలబడ్డ నాయన మోచెయ్యి తన ఖాళీ చంకను నొక్కుతూనే ఉంది. చివరి ఆట అయ్యాక సిపాయి, ముగించనా అన్నట్టు నాయన వైపు చూశాడు. నాయన తలూపాక గాలి వదిలాడు.

బండిలో తిరిగి వస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆ తోలు పలికినందుకో, అది ఇక మా ఇంటికి రాదనో నాకే తెలియదు. నాయన ఎద్దుల్ని అదిలిస్తూ, వెనక్కి చూడకుండానే అన్నాడు:

"అది పనికి పోయినాది పాపా. పనికి పోయినదానికి ఏడుస్తారా?"