ఒక్కసారే నొక్కాను

మా కుట్టు మిషన్ల రిపేరు దుకాణానికి రెండు గల్లీల అవతల, రాంగోపాల్‌పేట్‌లోనే, ఒక గోదాం ఉంది. అందులో అమ్మే సరుకేమీ ఉండదు. చక్రాల కుర్చీలు, తలవైపు ఎత్తుకోగల ఇనుప మంచాలు, చేతికర్రలు, ఆక్సిజన్ మిషన్లు ఉంటాయి. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు పట్టుకెళ్లి, అవసరం తీరాక తెచ్చి ఇస్తారు. అద్దె లేదు. చుట్టుపక్కల గల్లీల వాళ్లం కలిసి పెట్టుకున్న కమిటీ దాన్ని నడుపుతుంది. కుర్చీల చక్రాలకు నూనె వేయడం, బ్రేకులు బిగించడం నా వంతు.

అడగడానికి వచ్చేవాళ్ల కోసం పద్మారావు నగర్‌లో, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో, చిన్న గదిలో కౌంటర్ పెట్టారు. అక్కడ కూర్చునేది ఆంటీ. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఆమె భర్త చివరి రోజులు గడిపింది మా గోదాం మంచం మీదే. ఆ మంచం తిరిగి ఇచ్చిన రోజు ఆమె వెంటనే వెళ్లిపోలేదు. "ఇక్కడ కూర్చునే మనిషి కావాలా?" అని అడిగింది. అప్పటినుంచి ఆ కుర్చీ ఆమెది. దాని మీద ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు కూడా ఉంటుంది.

ఒక మధ్యాహ్నం, వార్డులో ఉన్న తండ్రిని ఇంటికి తీసుకెళ్లడానికి ఆక్సిజన్ మిషన్ కావాలని ఒక అమ్మాయి వచ్చింది. ఆంటీ కంప్యూటర్‌లో చూసి లేదని చెప్పింది. సాయంత్రం నేను గోదాంలోకి వెళ్తే, గోడ వారగా గుడ్డ కప్పి ఒక మిషన్ నిలబడి ఉంది. వెంటనే ఫోన్ చేశాం, ఆ అమ్మాయి వచ్చి తీసుకెళ్లింది. కానీ అప్పటికి డిశ్చార్జి వేళ దాటిపోయి, తండ్రిని ఆ రాత్రి కూడా వార్డులోనే ఉంచాల్సి వచ్చింది. లెక్క తిరగేస్తే, అంతకుముందు ఎవరో అడిగిన ఒక్క మిషన్‌కు కంప్యూటర్ రెండింటిని కేటాయించినట్టు కనిపించింది.

కమిటీ సమావేశంలో ప్రెసిడెంట్ గారు తీర్పు ముందే తెచ్చుకున్నారు. "ఆంటీ రెండుసార్లు నొక్కింది. మనకు తెల్వదా? పులిహోర వద్దంటే వింటదా? మారు వడ్డించి గానీ వదలదు. బటన్ సుత గట్లనే."

అందరూ నవ్వారు. ఆంటీ నవ్వలేదు.

"మనుషులకైతే రెండోసారి అడుగుతానండీ, మొదటిసారి మొహమాటానికి వద్దంటారని. మిషన్‌కి మొహమాటమేంటి? నేను ఒక్కసారే నొక్కాను."

"వయసైతుందమ్మా. మీరు జెర రెస్ట్ తీసుకోండ్రి. వచ్చే నెల షురూ అయ్యేలోపు ఇంకెవరినన్నా కూసోబెడతం."

ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని లేచింది. ఆ రోజు ఎవరికీ మారు అడగలేదు. నేను వెనకే వెళ్లి, "ఆంటీ, నేనొకసారి చూస్తా. జెర ఓపిక పట్టుండ్రి," అన్నాను. "నువ్వేం చూస్తావు అబ్బాయ్, అది కుట్టు మిషన్ కాదుగా," అంది.

కాదు నిజమే. కానీ నా చదువు ఇంటర్‌తో ఆగిపోయినా, చదవడం ఆగలేదు. దుకాణం మూశాక లైబ్రరీకి వెళ్లడం నాకు నమాజు తర్వాత అంత అలవాటు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సీ భాష అక్కడే నేర్చుకున్నాను, ఎవరూ తీసుకెళ్లని ఒక లావుపాటి పుస్తకంలోంచి. దాని అట్ట ఊడితే మా దుకాణంలోని తోలు కుట్టే మిషన్ మీద నేనే కుట్టి ఇచ్చాను. నా పేరున డిగ్రీ లేదు, ఆ పుస్తకం వెన్ను మీద నా కుట్టు ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం గర్వం.

గోదాం లెక్కలు చూసే ప్రోగ్రాం రాసింది సైనిక్‌పురిలో ఉండే కెప్టెన్ సాబ్. మిలిటరీ నుంచి రిటైరయ్యాక మా కమిటీకి ఉచితంగా రాసిచ్చారు. ఇప్పుడు ఆయనకు చూపు పోయింది. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. నేను ప్రోగ్రామంతా కాగితాల మీద అచ్చు తీసుకుని బస్సెక్కాను. కౌంటర్ మారిన సంగతీ, ఆంటీ మీద పడ్డ మాటా ముందు ఆయనకు చెప్పాను.

"చదువు భాయ్," అన్నారు ఆయన, వరండాలో కుర్చీ వెనక్కి వాల్చి. "కామా సుత విడవకు."

చదివాను. అంతవరకు నేను రాసిన ప్రోగ్రాములన్నీ ఒకే కంప్యూటర్‌లో పుట్టి అక్కడే ముగిసేవి. ఇది వేరే లోకం. పద్మారావు నగర్‌లోని కంప్యూటర్ 'ఒకటి కేటాయించు' అనే పనిని, అది తన దగ్గరే ఉన్నట్టు, మామూలుగా పిలుస్తుంది. ఆ పని నిజానికి మా గోదాంలోని కంప్యూటర్‌లో ఉంది. దాన్ని సర్వర్ అంటారు. ఆ పిలుపు మూటకట్టుకుని రోడ్లు దాటి వస్తుంది. సర్వర్ మూట విప్పి, ఏ నంబరు పని అడిగారో చూస్తుంది. ఒకటైతే ఎన్ని ఉన్నాయో చెప్పాలి, రెండైతే ఒకటి కేటాయించాలి, మూడైతే తిరిగి తీసుకోవాలి. పని చేసి, జవాబు మూటకట్టి పంపి, మళ్లీ పిలుపు కోసం కూర్చుంటుంది. పిలిచినవాడికి మధ్యలో రోడ్డు ఉన్నట్టే తెలియదు.

అలా కూర్చునే చోటు ప్రోగ్రాంలో ఒకే ఒక్క లైను. అందులోకి వెళ్లిన సర్వర్ మళ్లీ బయటికి రాదు. అయినా దాని కింద ఇంకో లైను ఉంది: ఒకవేళ బయటికి వస్తే, వచ్చానని చెప్పి ప్రాణం వదిలేయాలి. పక్కన చిన్న గమనిక, ఇక్కడికి ఎవరూ చేరరు అని. చదువుతుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. ఎప్పటికీ జరగకూడని రోజు కోసం కూడా ఒక మాట రాసిపెట్టారు.

"అది నేను రాసింది కాదు," అన్నారు కెప్టెన్ సాబ్. "చుట్టూరా ఉండే ఆ సామానంతా ఒక పనిముట్టు, అది సుత ప్రోగ్రామే, రాసిస్తది. మధ్యల జాగా విడుస్తది, నీ పని ఇక్కడ రాసుకో అని. నాది ఆ జాగా మటుకే. రెండో నంబర్ పని చదువు."

"ఇఫ్ నిల్వ గ్రేటర్ దాన్ జీరో. నిల్వ మైనస్ మైనస్, సెమీకోలన్." అంటే, నిల్వ ఉంటే అందులోంచి ఒకటి తగ్గించమని.

"ఆగు. మళ్ల చదువు."

మళ్లీ చదివాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

"ఎన్నిసార్లు చదివినవ్?"

"రెండుసార్లు సాబ్. మీరే అడిగిండ్రు కదా."

"రెండోసారి చదివినప్పుడు ఇంకొకటి తగ్గిందా?"

"కాయితం మీద ఏం తగ్గుతది సాబ్?"

"గోదాంల తగ్గుతది."

నేను కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన ముందుకు వంగి నెమ్మదిగా చెప్పారు. కౌంటర్ ఇదివరకు గోదాం పై అంతస్తులోనే ఉండేది. జవాబు ఆలస్యం కావడమనేదే లేదు. ఇప్పుడు అది పద్మారావు నగర్‌కు మారింది, మధ్యాహ్నాలు అక్కడ నెట్ నత్తనడక నడుస్తుంది. జవాబు రాకపోతే కౌంటర్ కంప్యూటర్ కొన్ని సెకన్లు చూసి, ఆంటీని అడగకుండా, తనంతట తానే మళ్లీ పిలుస్తుంది. ఆ పిలుపు కొత్తదో పాతదో సర్వర్‌కు తెలియదు. విధిగా ఇంకోటి కేటాయిస్తుంది.

"అంటే రెండుసార్లు అడిగింది..."

"మిషన్. ఆ అమ్మ కాదు. పాపం, ఎన్ని మాటలు పడ్డదో."

రోగం తెలిసింది, మందు తెలియలేదు. తిరుగు బస్సులో అదే ఆలోచన. సాయంత్రం లైబ్రరీకి, నేను కుట్టిన ఆ పుస్తకం దగ్గరికే వెళ్లాను. ముందు ఒకసారి అర్థం కాక దాటేసిన అధ్యాయం అందులో ఉంది. ప్రతి పిలుపు మూట మీద, పని నంబరు కాక, ఆ పిలుపుకే సొంతమైన ఇంకో నంబరు ఉంటుందట. జవాబు రాక మళ్లీ పంపినా అదే నంబరుతో వస్తుంది. సర్వర్ ఈ మధ్య ఇచ్చిన జవాబులను గుర్తుపెట్టుకుంటే చాలు. నంబరు పాతదైతే పని మళ్లీ చేయదు, ఇచ్చిన జవాబే ఇంకోసారి పంపుతుంది. అంతా నేను రాయాలేమో అనుకుంటూ పేజీ తిప్పాను. అక్కర్లేదు. ఆ సదుపాయం సర్వర్‌తోపాటే ఉంది, ఎవరూ తెరవక మూసి ఉంది. తెరవడానికి ఒక్క లైను చాలు.

పుస్తకం మూసి బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాను. ఎక్కడో, ఎప్పుడో, మా గల్లీ పేరైనా వినని మనిషి, ఒక జవాబు దారిలో తప్పిపోతే ఏమవుతుందని కూర్చుని ఆలోచించాడు. ఆలోచించి, ఆంటీ మీద నింద పడకుండా చూసే ఒక తలుపు కట్టి పెట్టి వెళ్లాడు. ఎదురుగా పేపరు చదువుతున్న పెద్దాయన నన్ను చూసి, "ఏమైంది, తబియత్ మంచిగ లేదా?" అన్నాడు. ఏం చెప్పను? మంచిగానే ఉందన్నాను.

లైను పెట్టేశానని చెబితే ఆంటీ మాట నిలబడదు. చూపించాలి. ఒక ఆదివారం ప్రెసిడెంట్ గారిని బతిమాలి పద్మారావు నగర్ పంపించాను. నేను గోదాంలో సర్వర్ దగ్గర కూర్చున్నాను, చేతిలో ఫోన్. ముందు పాత ప్రోగ్రామే. జవాబు ఆలస్యం కావడానికి, రెండో నంబరు పనిలో కాసేపు ఆగమని నేనే రాశాను.

"సార్, మీరే కూసోండ్రి ఆంటీ కుర్చీల. ఒక చేతికర్ర కేటాయించుండ్రి. ఒక్కసారే నొక్కుండ్రి."

ఫోన్‌లో టక్కుమని ఒక్క చప్పుడు వినిపించింది. ఇక్కడ తెర మీద ఒక పిలుపు వచ్చింది. కాసేపటికి ఇంకోటి.

"ఎన్ని తగ్గినయి సార్?"

"రెండు తగ్గినయి... ఏందీ ఇది? నేను ఒక్కసారే నొక్కిన!"

వెనకనుంచి ఆంటీ గొంతు. "అయ్యో, అవునాండీ? వయసొస్తోందేమో, రెస్ట్ తీసుకోండి."

నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నవ్వుకున్నాను. తర్వాత ఆ ఒక్క లైను చేర్చి, సర్వర్‌ను మళ్లీ లేపాను. ఆలస్యం అలాగే ఉంచాను. ఆయన నొక్కారు. పిలుపు వచ్చింది, సర్వర్ పని చేసింది. అదే నంబరుతో పిలుపు మళ్లీ వచ్చింది. ఈసారి సర్వర్ తొణకలేదు. చేసిన పని జోలికి పోకుండా, ఇచ్చిన జవాబే ఇంకోసారి ఇచ్చింది.

"ఒక్కటే తగ్గింది," అన్నారు ప్రెసిడెంట్ గారు.  కుర్చీ కిర్రుమంది. "కూసోండమ్మా," అన్న మాట వినిపించింది. "దిండు సుత మీదే కదా. నేనే తొందరపడ్డ."

"కూర్చుంటాలెండి. ముందు మీరు ఈ పులిహోర తినండి."

"వద్దమ్మా, ఇప్పుడే..."

గిన్నెలో గరిటె చప్పుడైంది.

పనిలో పెట్టిన ఆలస్యం తీసేసి, సైనిక్‌పురికి ఫోన్ చేశాను. కెప్టెన్ సాబ్ అంతా విని, ఆంటీ ఉంటోందా అని మొదట అడిగారు. ఉంటోందన్నాను.

"ఎవ్వరు చేరని ఆ ఆఖరి లైన్ ఏమన్న చెప్పిందా?"

తెర వైపు చూశాను. ఏమీ లేదు, గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఏం చెప్పలే సాబ్."

"శభాష్. చెప్పొద్దు అది."

ఫోన్ పెట్టేలోపే తెర మీద పిలుపు వచ్చింది. చక్రాల కుర్చీ, ఒకటి. ఆంటీ నొక్కి ఉంటుంది. నేను లేచి, వరసలో ముందున్న కుర్చీని బయటికి లాగి, చక్రం తిప్పి చూసి, నూనె డబ్బా అందుకున్నాను.