మగ్గం పక్కన నీళ్ళ గిన్నె

సిస్టరమ్మ పోయింది. మొన్న ఆదివారం పొద్దున ఆమె ఇంటి ఓనరమ్మ మా గుమ్మంలో నిలబడి, "మీ సిస్టరమ్మ లేదు మే, నిద్దర్లోనే పోయుండాది" అని చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు. మా పాత మేనేజరు ఇంకా నిక్షేపంగా బతికే ఉన్నాడన్న సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

గుంటూరు వైపు నుంచి నర్సుగా బెంగళూరు వచ్చిన మనిషి ఆమె. డెబ్బైల్లో మేము పనిచేసిన విదేశీ కంపెనీలో డిస్పెన్సరీ ఆమె చేతిలో ఉండేది. కంపెనీ ఆస్బెస్టాస్‌ది. రాతినారను దారంగా వడికి, నిప్పంటుకోని గుడ్డ నేసేవాళ్ళం. ఆ పనికి బెంగళూరు పక్కనున్న ఆనేకల్ వైపు పట్టు మగ్గాల ఇళ్ళ ఆడపిల్లల్ని ఏరి మరీ తీసుకున్నారు. నేనూ మా అక్కా అలా చేరినవాళ్ళమే.

ఎందుకు ఏరారో చెప్తాను. పట్టుపోగు తెగితే మేము కొసను నాలుకకు తాకించి తడిపి, వేళ్ళ మధ్య మెలిపెట్టి రెప్పపాటులో అతికేస్తాం. అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న అలవాటు. రాతినారకూ అదే చేశాం. మేనేజరు మా వెనక నిలబడి "భేష్" అనేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రాదని ఆయనకు బాగా తెలుసు. కంపెనీ సొంత దేశంలో మగ్గాలకు గాజు పెట్టెలు బిగించి, దుమ్ము లాగేసే యంత్రాలు పెట్టిన ఫోటోలు ఆయన గది గోడకే వేలాడుతుండేవి. అక్కడివాళ్ళవి ఊపిరితిత్తులు, మావి గోనెసంచులు కాబోలు.

సిస్టరమ్మ చేరిన కొత్తలో ఒకరోజు షెడ్డులోకి వచ్చి మా అక్కను చూసి కేక పెట్టింది. "ఏంటమ్మాయ్, ఆ దారం నోట్లో పెడుతున్నావ్! ఉమ్మెయ్, ఉమ్మెయ్ ముందు!"

అక్క నవ్వింది. "దారమే కదా సిస్టరమ్మా, విషమా ఏమన్నా?"

"విషమైతే వాంతి చేయించేదాన్ని. దీనికి నా దగ్గర మందు లేదు."

మర్నాడే ప్రతి మగ్గం పక్కనా ఒక నీళ్ళ గిన్నె పెట్టించింది. పోగును ఇక నాలుకతో కాదు, తడి వేలితో అతకాలి. గాల్లో ఎగిరే దుమ్మును గిన్నె ఏమీ చేయలేదని ఆమెకూ తెలుసు. "నోట్లోకి పోయేదైనా ఆపుదాం, గాలి సంగతి తర్వాత కొట్లాడదాం" అనేది. అలవాటు లేని పని కాబట్టి చెయ్యి కాస్త మందగించింది. అంతమాత్రానికే మేనేజరు గిన్నెలన్నీ స్టోరుకు ఎత్తించేశాడు. మేము మళ్ళీ నాలుకలకే వచ్చాం.

కొన్నాళ్ళకు పైదేశం నుంచి కంపెనీ పెద్ద దొర తనిఖీకి వచ్చాడు. ఆ పొద్దున గిన్నెలు తళతళా తోమి తిరిగొచ్చాయి. దొర ఒక గిన్నె చూపించి ఇదేమిటని అడిగాడు. మేనేజరు మొహం వెలిగిపోయింది, పనివాళ్ళ ఆరోగ్యం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. సిస్టరమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చి దొరకు ఇంగ్లీషులో ఒక మాట చెప్పింది. మాకు తెలియాలని అదే మాట తెలుగులో గట్టిగా చెప్పింది: "ఈ గిన్నెలు పొద్దున వచ్చాయి. మీ కారు గేటు దాటగానే పోతాయి."

దొర చెవులు ఎర్రబడ్డాయి. వాచీ చూసుకుని భోజనానికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి గిన్నెలూ పోయాయి, సిస్టరమ్మ ఉద్యోగమూ పోయింది.

గేటు దగ్గర ఆమె చేతిలో గొడుగు, సంచీ. మేము ఏడుస్తున్నాం. ఆమె మాత్రం మమ్మల్ని తిట్టింది. "కంపెనీ గిన్నెను కంపెనీ ఎత్తుకుపోతుంది. మీ ఇంటి గిన్నె మీద ఎవడు చెయ్యేస్తాడో చూస్తాను."

మర్నాడు మేమంతా ఇళ్ళ నుంచి పేర్లు చెక్కిన స్టీలు గిన్నెలు తెచ్చుకున్నాం. మేనేజరు తిన్నగా అక్క మగ్గం దగ్గరికి వచ్చి గిన్నె మీదికి చెయ్యి చాచాడు. అక్క లేచి నిలబడింది. "అది నా గిన్నె సార్. అంచున నా పేరుండాది, సూడండి. ముట్టుకుంటే దొంగని అరుస్తా." ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆ షెడ్డులో గిన్నెలు లేని రోజు లేదు.

అక్కకు మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది. కొన్నేళ్ళకు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత కూర్చున్నా ఆయాసం. బీడీ పొగ వల్ల అని కంపెనీ డాక్టరు రాశాడు. అక్క బీడీ ముట్టలేదంటే, మీ నాన్న తాగేవాడు కదా అన్నాడు.

సిస్టరమ్మ రోజూ మా ఇంటికి వచ్చేది. గొడుగు గుమ్మంలో ఆనించి, ఎవరినీ పలకరించకుండా ముందు కిటికీ తెరిచేది. ఎవరింటికి వెళ్ళినా ఆమెకు అదే అలవాటు. "ఊపిరి సగంలోనే నిలిచిపోతా ఉండాది సిస్టరమ్మా" అని అక్క అంటే వీపు రాస్తూ కూర్చునేది. అక్క ఆమె చేతుల్లోనే పోయింది.

పాస్టరుగారు ఒకసారి, మేనేజరును క్షమించమ్మా అని నచ్చజెప్పబోయారు. "క్షమించడం దేవుడి డ్యూటీ అండీ. నాది మందులిచ్చే డ్యూటీ. ఆయన పని నేనెందుకు చేస్తాను?" అంది. చర్చిలో ప్రార్థన చెప్పేటప్పుడు ఇతరులను క్షమించామనే మాట దగ్గరికి రాగానే నోరు బిగించుకుని, ఆ మాట దాటాక మళ్ళీ అందుకునేది. నాతో ఎప్పుడూ ఒకటే చెప్పేది: "కోపాన్ని ఏడ్చి కరిగించెయ్యకు అమ్మాయ్, దాచుకో, పనికొస్తుంది." దాచుకున్నాను. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

సిస్టరమ్మను పూడ్చిన రోజు సమాధుల తోటకు మేనేజరూ వచ్చాడు. ఈమధ్య ఆయన క్లబ్బుల్లో వ్యాపార సంస్థల సామాజిక బాధ్యత గురించి మాట్లాడుతుంటాడట. కంపెనీ పేరున్న రిబ్బను కట్టిన పూలచక్రం సమాధి దగ్గర పెట్టి, "మా కంపెనీ కుటుంబంలో మనిషి" అన్నాడు. తర్వాత అందరిలాగే పిడికెడు మట్టి వేశాడు. ముందు రాత్రే వాన పడి ఉంది. బురద ఆయన వేళ్ళకు అంటుకుంది. ఎక్కడైనా నీళ్ళున్నాయా అని అటూ ఇటూ చూశాడు.

సమాధి దగ్గర పెడదామని నేను తెచ్చిన గిన్నె నా చేతుల్లో నీళ్ళతో ఉంది. తీసుకెళ్ళి ఆయన ముందు పట్టాను. "కడుక్కోండి సార్."

చేతులు చాచి వంగాడు. అంచున పేరు కనబడింది. చేతులు అలాగే ఆగిపోయాయి.

"మా అక్కదే సార్. మీరు ముట్టుకోవచ్చు, ఇప్పుడు అరిచేందుకు అక్క లేదు."

మగ్గాల మీద పనిచేసిన ఆడవాళ్ళం చుట్టూ నిలబడి ఉన్నాం. కొందరి ఊపిరి పిల్లికూతలు వినబడుతున్నాయి. ఆయన ఆ బురద చేతుల్ని కోటుకు తగలకుండా దూరంగా పట్టుకుని కారు దాకా నడిచాడు. డ్రైవరు తలుపు తీశాడు.

ఆ చేతులు ఎక్కడ కడుక్కున్నాడో నాకు తెలియదు. గిన్నె ఇంటికి తెచ్చి, సిస్టరమ్మ రోజూ తెరిచే కిటికీలో పెట్టాను. పొద్దున్నే నీళ్ళు మారుస్తున్నాను. ఆయన ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉంటాయి.