తాత మరచెంబు... రింకులో నా మూల

మా చిన్నప్పుడు ముంబై కామాటిపురలో మేముండే వరసగదుల చాల్ మూడో అంతస్తు వరండాలో చక్రాల చప్పుడు మొదలైతే చాలు, కింద ఉండే రాజవ్వ చీపురుకట్ట తిరగేసి తన ఇంటి కప్పును పొడిచేది... ఆపుతావా, పైకి రమ్మంటావా అని దానర్థం.

ఆ చప్పుడు నాదే. పదకొండేళ్లు నాకు. మా స్కూల్లో ఫిగర్ స్కేటింగ్ నేర్పేవారు. మంచు మీద కాదు, ముంబైలో మాకు మంచెక్కడిది... చక్రాల బూట్ల మీదే. పాటకు తగ్గట్టు సాగాలి, ఎగరాలి. ఒంటికాలి మీద గిరగిరా తిరిగేటప్పుడు మాత్రం ఉన్నచోటు కదలకూడదు. నా బూట్లు నాగ్‌పాడాలో పాత సామాన్ల అంగట్లో దొరికినవి. ముందు గుడ్డ కుక్కుకుంటే సరిపోయేవి.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అందుకే స్కేటింగ్ కూడా చదువులో భాగమే అనుకునేవారు. రోజూ సాయంత్రం తాత నన్ను స్కేటింగ్ చేసే ఆరుబయటి రింకుకు తీసుకెళ్లి, కటకటాల బయట మరచెంబు పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. మిగతా పిల్లలకు రంగురంగుల బాటిళ్లు... నాకు ఆ ఇత్తడి చెంబు. దాని మూత తిప్పుతుంటే అందరూ నవ్వేవారు.

జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. స్కేటింగ్ సార్ ఒక్కొక్కరికీ నేల మీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, తిరిగేటప్పుడు అది దాటకూడదన్నారు. రింకు నడుమ పెద్ద అమ్మాయిలు, కొత్తగా చేరిన నాకు ఓ మూల. నేను దాటేదాన్ని... ప్రతిసారీ. నెల రోజులు ఆయన ఓపిగ్గానే చెప్పారు. చివరికి, శనివారానికి కుదరకపోతే నా బదులు ఇంకో అమ్మాయిని పంపుతానన్నారు.

కోపం రాలేదు. ఇలాంటివి మనలాంటి వాళ్లకు రావేమో అనుకున్నాను... శుక్రవారం రింకు దగ్గరే తాతతో, రేపటి నుంచి రానని చెప్పేశాను.

"ఒక్క దిక్కే పోతున్నవా?" అని అడిగాడు.

"అవ్ తాతా, గా మోరి దిక్కే."

"ఇంటికాడ వరండల తిరిగితే పోతలేవు గద."

తాత బతుకంతా ఈ ఊళ్లో గచ్చులు వేసిన మనిషి. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఒట్టి పాదంతో నేలను నిమిరినట్టు నాలుగడుగులు వేశాడు. మరచెంబు మూత తిప్పి, నా సుద్దగీత మధ్యలో కాసిన్ని నీళ్లు పోశాడు. నీళ్లు ఓ క్షణం నిలబడ్డాయి... తర్వాత మెల్లగా గీత దాటి, అచ్చం నేను వెళ్లే దారినే మూలన నీళ్లు పోయే మోరీలోకి పోయాయి.

"నీ కాలుది తప్పు గాదు బిడ్డా. గీడ మూలకే వాటమున్నది. వాన నీళ్లు పోవాలె గద... నేనేసినా గట్లనే ఏస్తుంటి."

సార్ వంగి ఆ తడి గీతను చూశారు. తర్వాత రింకు నడుమకు వెళ్లి కొత్తగా సుద్ద గీశారు. నేను తిరిగాను. ఆగి కిందికి చూస్తే... నా చక్రాలు గీత లోపలే ఉన్నాయి.

పోటీకి వెళ్తానన్న సంతోషం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది వేరే... నాలో లోటేమీ లేదని తెలిసిన హాయి. తాత మాత్రం మూత బిగిస్తూ, ఆ నేల వేసినవాడెవడో మంచి మేస్త్రీ అని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు పోటీల్లో ఉన్నాను. జిల్లాలో పతకాలు, రాష్ట్రంలో ఒక్కటి, జాతీయ పోటీల్లో ఎప్పుడూ వెనక వరుసే. మోకాలు ఇక వద్దన్నాక ఆపేశాను. ఏడుస్తాననుకున్నాను... హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు ఆదివారాలు వర్లిలో పిల్లలకు నేర్పుతున్నాను. అక్కడ మూలలో నిలబడడం అందరికీ వంతులే. మొన్న ఓ కొత్త రింకుకు వెళ్లాం... పైకప్పు, అద్దంలాంటి నేల. అలవాటుగా ఓ పక్కన కాసిన్ని నీళ్లు పోశాను. పోసినచోటే నిలిచిపోయాయి. ఇంటికొచ్చి తాతకు చెబితే, "మరి కడిగితే నీళ్లెటు పోవాలె?" అన్నాడు.

నేలను పాదంతో చదివే మనుషులు ఇప్పుడెంతమంది మిగిలారో... మీ చిన్నప్పుడు, తప్పు నీది కాదని చెప్పి గుండె బరువు దించినవాళ్లు మీకెవరున్నారు? రాయండి... తాతకు చదివి వినిపిస్తాను.