ఆరో మెట్టు మీంచి

పడటమే అతని బతుకుతెరువు. నిచ్చెన ఎక్కి, రంగు డబ్బాతో సహా బోర్లా పడి జనాన్ని నవ్వించేవాడు. నాటకాల్లో మొదలుపెట్టి మూకీ సినిమాల దాకా అదే పని. అలా ఊరందరికీ బోర్లా బాబాయి అయిపోయాడు. అతని కోటు లోపల దూది మెత్తలు కుట్టేది అతని అక్క. అతను పనిచేసే సినిమా కంపెనీలోనే దుస్తుల పని ఆమెది.

ఒకసారి భుజం బెణికితే, నొప్పి తెలియకుండా ఉంటుందని తోటి నటుడొకడు రెండు గుక్కల సారా పట్టించాడు. ఆ రోజు ఒళ్ళు దూదిమూటలా పడింది. ఇంకేం, ఆ తర్వాత పదేళ్ళు సీసా ముట్టందే నిచ్చెన ముట్టలేదు. చివరికి ఒకనాడు, నేల మీద సుద్దతో గీసిన గుర్తు తప్పి, నటులకు ఊపు తెప్పించడానికి పక్కన కూర్చుని వాయించే హార్మోనియం పెద్దాయన మీద పడ్డాడు. ఆయన మణికట్టు విరిగింది.

"ఇక ఈ గడప తొక్కకు" అన్నాడు డైరెక్టరు.

తాగుడు మానడానికి ఆసుపత్రిలో రెండు నెలలు, అక్క ఇంటి వెనకగదిలో రెండు నెలలు. వణుకూ చెమటలూ తగ్గాయి, అక్కను తిట్టే తిట్లూ తగ్గాయి. ఒక్క భయం మాత్రం మిగిలింది. తాగకుండా పడగలనా? వేరే విద్య రాదు. పడలేకపోతే మళ్ళీ సీసానే గతి.

అక్క బతిమాలితే డైరెక్టరు ఒక్క అవకాశం ఇచ్చాడు. ఆ ఉదయం ఆరో మెట్టు ఎక్కేసరికి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కింద ఆ తోటి నటుడు జేబు తడుముకున్నాడు.

"ఒక్క గుక్క వేసుకో బాబాయ్. ఎవరికి తెలుస్తుంది?"

"పెద్దాయన మణికట్టుకి తెలుస్తుందిరా."

"నేను నాలుగు గజాలు అవతలే కూర్చున్నాలే, నిశ్చింతగా పడు నాయనా" అన్నాడు హార్మోనియం పెద్దాయన.

అక్క నిచ్చెన దగ్గరికొచ్చింది. "ఏరా, కొయ్యలా బిగుసుకున్నావేం? చిన్నప్పుడు మంచం మీంచి ఎలా దొర్లేవాడివి? ముందు ఊపిరి వదులు. ఒళ్ళు దానంతటదే వదులవుతుంది."

"దెబ్బ తగుల్తుందక్కా."

"తగిలితే తగుల్తుంది. మెత్తలు కుట్టింది నేను కాదూ!"

ఊపిరి వదిలాడు. కాలు జారింది. ముందు డబ్బా పడింది, వెనకే అతను సరిగ్గా సుద్దగీత మీద పడ్డాడు. భుజం చురుక్కుమంది. పదేళ్ళలో ఒక నొప్పి ఇంత స్పష్టంగా తెలియడం అదే మొదలు. సెట్టు వేసే వడ్రంగులు పగలబడి నవ్వుతున్నారు. హార్మోనియం మధ్యలోనే ఆగిపోయింది.

"ఆపండి!" అని డైరెక్టరు అరిచాడు.

బాబాయి తలెత్తాడు. "తప్పుగా పడ్డానా?"

"నువ్వు కాదయ్యా, వీడు!" అంటూ డైరెక్టరు కెమెరా మనిషిని చూపించాడు. ఆ రోజుల్లో కెమెరా నడవాలంటే దాని పిడిని చేత్తో ఒకే వేగంతో తిప్పాలి. నవ్వాపుకోలేక అతని చెయ్యి తడబడింది. "బొమ్మంతా పాడైంది. మళ్ళీ పడగలవా?"

బాబాయి ముఖం మీది రంగు తుడుచుకుని నిచ్చెన వైపు చూశాడు. "పడతాను. ముందు ఆయన్ని నవ్వొద్దనండి. అక్కా, ఎడమ భుజానికి ఇంకాస్త దూది పెట్టు."

అక్క సూది తీసింది. హార్మోనియం పెద్దాయన లేచి, తన పెట్టెను రెండు గజాలు ఇవతలికి జరుపుకున్నాడు.