ఆమె తాగని నీళ్లు

గర్భసంచి జారినవాళ్లకు, మూత్రం ఆగని ఆడవాళ్లకు ఆపరేషన్లు చేయడం నా పని. హాయిగా కాన్పులు చేసుకోక ఇదేం చదువని ఇప్పటికీ అడుగుతారు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ధర్మవరం బస్సు గుర్తొస్తుంది.

అప్పుడు నేను పీజీ చదువుతున్నాను. మే నెల ఎండ. పక్కసీటామె పెదాలు ఎండి పగిలాయి. నా నీళ్ల సీసా ఇస్తే పెదాలు తడుపుకుని తిరిగిచ్చేసింది.

"తాగక్కా."

"వద్దు పాపా. తాగితే ఆగదు, కారిపోతాది. చిన్నోడు పుట్టినప్పట్నుంచి ఇంతే. పట్టు కరాబైతాదని మగ్గం కాడికి పోయేది గూడా మానుకున్నా."

"నేను డాక్టర్నే అక్కా. ఆపరేషన్ చేస్తే నయమవుతుంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా కాన్పులన్నీ మీ డాక్టరమ్మలే చేసినారు మేడం. నయమయ్యేదైతే ఒక్కరన్నా అడిగుండరా?"

రాప్తాడులో దిగిపోయింది. కాన్పుల వార్డులో మేం రోజూ అడిగేవన్నీ తలచుకున్నాను. బిడ్డ పాలు తాగుతోందా? కుట్లు మానాయా? మళ్లీ పిల్లలు కావాలా? మూత్రం ఆగుతోందా అని మాత్రం ఎవరం అడగం.

సీసా నా ఒళ్లో నిండుగానే ఉంది.