ఎనిమిది గీతలు, ఒక్క తీగ

నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పిన బాపుకు, ఆ చదువును ఒక కాలేజీ ల్యాబులో కాంట్రాక్టు కొలువుగా మార్చిన దేవుడికి నేను రోజూ పొద్దున్నే దండం పెట్టుకుంటాను. ఆ ల్యాబు నడిపే మా సారుకు కూడా పెట్టుకుంటాను. ఆయన దగ్గర పని చేయకపోతే ఓర్పు అనే గుణం నాకు ఈ జన్మలో అబ్బేది కాదు.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు సారుకు ఒక ప్రాజెక్టు దొరికింది. మక్తల్ దగ్గర ఒక ఊరి మహిళా సంఘానికి పల్లికాయ ఆరబెట్టే యంత్రం చేసివ్వాలి. మనిషెత్తు ఇనుప పెట్టె, వెనకవైపు వేడిగాలి ఊదే హీటరు, లోపల ఎనిమిది జాలీ అరలు. అరకొక వేడి కొలిచే సెన్సరు. ఆ ఎనిమిది తీగలూ ఒక చిన్న యూఎస్‌బీ డబ్బాలోకి, డబ్బా లాప్‌టాప్‌లోకి. అందులో లెక్కలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డబ్బాను పలకరించి, ఒకటో తీగ నుంచి ఎనిమిదో తీగ దాకా వరసగా వేడిని చదివించి, తెర మీద గీతలు గీయించే ప్రోగ్రాం నేను రాశాను. ప్రాజెక్టు పోస్టరు మీద సారు పేరు వేశారు. పాపం, రెండు పేర్లకు అందులో జాగా చాలలేదు.

యంత్రం ట్రాక్టరు మీద ఎగిరెగిరి ఊరు చేరింది. దిగగానే సారు యూఎస్‌బీ డబ్బాను రేకు పెట్టెలో బిగించి, మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన దారం చుట్టారు. పెద్దలు వచ్చి ప్రారంభించేదాకా ఎవరూ తీయొద్దన్నారు.

ప్రారంభం రోజు పొద్దున సంఘం నడిపే అక్క రెండు బస్తాల పచ్చి పల్లికాయతో వచ్చింది. అది తినే కాయ కాదు, వచ్చే పంటకు చెట్టు చెట్టూ చూసి ఏరుకున్న విత్తనం. వేడి నలభై డిగ్రీలు దాటితే కాయ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మొలక చచ్చిపోతుంది. అక్కకు ఉన్నవి ఆ రెండు బస్తాలే.

ముందు యంత్రాన్ని ఖాళీగా నడిపాం. తెర మీద ఎనిమిది గీతలూ ముప్పై ఆరు దగ్గర ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

“చూసిన్రా? అన్ని అరలల్ల ఒక్కటే వేడి. గిసొంటి గ్రాఫు ఏడ దొరుకుతది?” అన్నారు సారు.

ఎక్కడా దొరకదు. నా భయం అదే. హీటరును ఆనుకున్న అర, తలుపు దగ్గరి అర ఒకే వేడి మీద ఉండటం ఏమిటి? దగ్గరికి పోయి చూశాను. రెండో గీత ఒకటోదాని కంటే వెంట్రుకవాసి కింద ఉంది, మూడోది రెండోదాని కంటే ఇంకో వెంట్రుక కింద. బాపు రేడియోలు బాగుచేసేవాడు. “ఊడిన తీగ ఊకుండదు బిడ్డా, పక్క తీగ పాట పాడుతది” అనేది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. ఈ డబ్బా కూడా అంతే. ఒకటో తీగను చదివి రెండోదాని దగ్గరికి పోయినప్పుడు అక్కడ తీగే లేకపోతే, లేదని ఒప్పుకోదు. ఇందాకటి అంకెనే కొంచెం అరగదీసి మళ్లీ అప్పజెప్తుంది.

ఇంతలో అక్క వెనక అరలో చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది.

“సారూ, గీడ చెయ్యి కాలుతాంది.”

“నీ చేతికి యూఎస్‌బీ ఉన్నదా అమ్మా? కంప్యూటరు చెప్తాంది గదా.”

నేను తలుపు దగ్గరున్న ఒకటో సెన్సరును నా చాయ గ్లాసుకు ఆనించాను. ఎనిమిది గీతలూ చేతులు పట్టుకున్నట్టు కలిసి పైకి లేచాయి.

“సారూ, ఒక్కదాన్ని ముట్టుకుంటే ఎనిమిది లేస్తున్నయి.”

“అబ్బ! ఎంత సెన్సిటివ్‌గున్నదో చూడు!” సారు మురిసిపోయి ఫోనులో వీడియో కూడా తీసుకున్నారు.

“అది కాదు సారూ. కడమ ఏడు తీగలు దారిల ఊడినట్టున్నయి. మూత తీసి జర చూస్త.”

“పూజ చేసినంక తీస్తరా? భక్తురాలివి, గది గూడ తెల్వదా? ఇంటి చదువు గిట్లనే ఉంటది.”

నేను రెండు పూటలా దీపం పెడతాను. స్క్రూలు బిగించొద్దని ఏ దేవుడూ ఇంతవరకు నాకు చెప్పలేదు. బహుశా సారుకు విడిగా చెప్పి ఉంటాడు.

అక్క మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. “చెల్లె, గా గీతలు నాకు తెల్వయి. నువ్వు చెప్పు. నా ఇత్తనం పెట్టాల్నా, వద్దా?”

సారు నా వైపు చూశారు. నా కాంట్రాక్టు కాగితం మీద ఏటా సంతకం పెట్టేది ఆయనే. లోపల దేవుణ్ని తలుచుకున్నాను. ఆయన ధైర్యమైతే ఇవ్వలేదు గాని నోరు తెరిపించాడు.

“వద్దక్కా. నీ చెయ్యి చెప్పిందే నిజం.”

అక్క బస్తా మూతి ముడేసింది. “సారూ, మీ గీతలు మీరే ఆరబెట్టుకోన్రి.”

“ఖాళీ అరలు చూపిస్తే ఇజ్జత్ పోతదమ్మా!” అని సారు బతిమాలారు. అక్కకు జాలేసి ఇంట్లోంచి తినే పల్లీలు తెచ్చి అరల్లో పరిచింది. పెద్దలు మధ్యాహ్నం దాటాక వచ్చారు. ఎనిమిది గీతలకు చప్పట్లు కొట్టారు. ఒకాయన వెనక అరలోంచి గుప్పెడు పల్లీలు తీసి కరకరా నమిలి, “భలే ఏంచిన్రు! ఉప్పు జర పడాలె” అన్నాడు. సారు వినయంగా తల వంచారు.

వాళ్లు వెళ్లాక మూత తీస్తే ఏడు తీగలు కిందికి వేలాడుతున్నాయి. బిగించి మళ్లీ నడిపాను. గీతలు ఎనిమిది దారులు పట్టాయి, వెనక అరది అరవై దాటింది. సారు తెర చూసి, “పొద్దటి గ్రాఫే నీట్‌గ ఉండె” అన్నారు.

పొద్దు వాలేసరికి విత్తనమంతా అక్క వాళ్ల అరుగు మీద, నీడన, గోనెపట్టాల మీద ఉంది. అక్క నా చేతికి ఒక కట్టె ఇచ్చి, “కోళ్లు రాకుండ చూడు చెల్లె, నేను చాయ పెడత” అని లోపలికి పోయింది. నేను ఆ కాయల పక్కన కూర్చున్నాను.