పిల్లికూతలు ఆగిన పూట

నా ఛాతీలో పిల్లికూతలు ఆగిపోగానే సుబ్బారావు బావ మొహం వెలిగిపోయింది.

“చూశావా రత్నమ్మా, నా ఇంజెక్షన్ పట్టింది. నిద్రకి ఇంకోటి వేస్తే సాయంత్రానికి లేచి తిరుగుతాడు” అన్నాడు మా ఆవిడతో.

అవనిగడ్డలో ఆయనది మందుల షాపు. బంధువేం కాదు, ఊరందరికీ బావే. చదువు తప్ప డాక్టరుకు ఉండవలసినవన్నీ ఉన్నాయి: స్టెత్, ధీమా, ఎదుటివాడి మాట వినని చెవులు.

నాకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. విలేకరులం వార్తల కవర్లు బస్సుల్లో పంపే రోజులవి. కుప్పనూర్పిళ్ల వార్తల కోసం పొలాల వెంట తిరిగి దుమ్ము మింగాను. ఆయాసం ముదిరింది. మెడ నరాలు తాళ్లలా తేలేట్టు, భుజాలు ఎగరేసి మరీ ఊపిరి లాగాను. పరామర్శకొచ్చిన పెద్దమనుషులు ఆ ఎగరడం చూసి కంగారుపడ్డారు. అది తగ్గగానే కాఫీ అడిగారు. తగ్గింది ఆయాసం కాదు, లాగే సత్తువ. ఆ ముక్క చెప్పడానికి నాకు ఊపిరి లేదు. కళ్లు మూతలు పడ్డాయి.

రత్నం సూదికి చెయ్యి అడ్డం పెట్టింది.

“పిలుస్తుంటే పలకట్లేదు. ఇంకా నిద్రెందుకు అన్నయ్యగారూ?”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“మీరు మాత్రం?”

అద్దె అంబాసిడర్‌లో బందరు చేర్చింది. అక్కడి డాక్టరుగారి మాటలు ఆమె తర్వాత చెప్పింది: “సైలెంట్ చెస్ట్ అమ్మా. కూత రావాలన్నా గాలి ఆడాలిగా! రెస్పిరేటరీ మజిల్స్, అంటే ఊపిరి లాగే కండరాలు, ఫెటీగ్ అయిపోయాయి. ఆ నిద్ర ఇంజెక్షన్ పడుంటే ఉన్న ఊపిరీ ఆగేది.” రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయిందట. గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టారు.

మొదటిసారి మెషిన్ తీసి చూస్తే కాసేపటికే కండరాలు చేతులెత్తేశాయి. మళ్లీ ట్యూబే. “దున్నిన ఎద్దుని విప్పి కట్టేస్తారు కదండీ, ఛాతీ కింది కండరం డయాఫ్రమ్‌కీ అంతే, విశ్రాంతి కావాలి” అన్నారు డాక్టరుగారు. సుబ్బారావు బావ బత్తాయిలు పట్టుకొచ్చాడు, గొంతులో గొట్టమున్నవాడికి! “ఈ గొట్టం అనవసరంగా వేయించావమ్మా” అని రత్నాన్ని మందలించి వెళ్లాడు.

రెండోసారి ట్యూబ్ తీశాక నా ఊపిరి నిలబడింది. ఇప్పుడు ఇన్‌హేలర్ మానను, వార్తలూ మానలేదు. నేను చెప్పేది ఒక్కటే: ఆయాసం రోగి నెమ్మదించాడని సంబరపడకండి, మాట్లాడించండి. వాక్యం పూర్తి చేయలేకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెల్లకిలా పడుకుంటే నాకు ఈనాటికీ ఊపిరి చాలదు. అది ఆస్తమానో, కండరాల్లో మిగిలిపోయిన నీరసమో డాక్టర్లు ఇంకా తేల్చలేదు.